గిట్టలు చీలిన గుర్రం

నా దగ్గర పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "మాస్టారూ, ఇది వడ్రంగమా, శిల్పమా?" ఇన్నేళ్ళూ చేతికి ఏదో ఒక పని ఇచ్చి తప్పించుకున్నాను. ఇప్పుడు కుడి భుజం మొరాయించింది. కొట్టుకి వెళ్ళడం మానేసి, అరుగు మీద కూర్చుని చక్కెర లేని టీ తాగుతున్నాను. తప్పించుకునే దారి లేదు కాబట్టి రాస్తున్నాను.

మాది చోడవరం. మా తాత నాగళ్ళు, ఎడ్ల బళ్ళు, ద్వారబంధాలు చేసేవాడు. మధ్యలో చుట్టుపక్కల ఊళ్ళ గుళ్ళకి వాహనాలు చేసేవాడు. అంటే ఊరేగింపులో దేవుణ్ణి ఎక్కించి జనం భుజాల మీద మోసే గరుడుడు, హంస, నెమలి, సింహం, గుర్రం వగైరా చెక్క విగ్రహాలు. మా నాన్న కూడా అవే చేశాడు. నా కాలానికి నాగళ్ళు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. నాకు వాహనాలే మిగిలాయి. నేను విశాఖపట్నంలో బొమ్మల కాలేజీలో చదువుకుని వచ్చాను కాబట్టి పత్రికలవాళ్ళు ఆర్టిస్టు అని రాశారు. ఊళ్ళోవాళ్ళు వడ్లోడు అనే అన్నారు. పిలిచి అన్నం పెట్టినంతకాలం ఏమన్నా నాకు అభ్యంతరం లేదు.

సన్మానాల గురించి రాయను. వచ్చిన శాలువాలన్నీ కలిపి మా ఆవిడ చలికాలానికి ఒక బొంత కుట్టేసింది. అది చాలా వెచ్చగా ఉంటుంది. నేను వాటి గురించి చెప్పగలిగిన మంచి మాట అదొక్కటే.

ఊఁ అనే ఆఫీసరు

నా మొదటి బాస్ మా నాన్న. పని నచ్చితే "ఊఁ" అనేవాడు. నచ్చకపోతే కూడా "ఊఁ" అనేవాడు, కొంచెం పొడుగ్గా. ఈ రెంటికీ తేడా పట్టుకునేసరికి నాకు పెళ్ళయిపోయింది.

కాలేజీ నుంచి వచ్చాక నేను ఒంటరిగా చేసిన మొదటి పని కె.కోటపాడు వైపు ఒక చిన్న సుబ్రహ్మణ్యస్వామి గుడికి నెమలి. అక్కడి జీడితోటల్లో నెమళ్ళు కోళ్ళలా తిరుగుతాయి. వాటి వెనకాలే తిరిగి బొమ్మలు గీశాను. ఒకటి మెడ వెనక్కి తిప్పి వీపు మీద ఈకలు సవరించుకుంటోంది. ఆ వంపు చూసి నాకు మతిపోయింది. అదే వంపుని ఒక మంచి టేకు దిమ్మలో చెక్కాను. వచ్చినవాళ్ళంతా కళ్ళప్పగించి చూశారు. నాన్న వచ్చి చూసి పొడుగ్గా "ఊఁ" అన్నాడు. నాకది మెచ్చుకోలులా వినపడింది.

చివరికి తల మీద కుచ్చు చెక్కుతుండగా ఉలి మీద కొడతితో, అంటే చెక్క సుత్తితో, చిన్న దెబ్బ వేశాను. మెడ టప్పున విరిగి ఒళ్ళో పడింది. మానులో నార నిలువుగా ఉంటుంది. నేను మెడని అడ్డంగా తిప్పాను. సన్నంగా ఉన్న చోట నార తెగిపోయి, పట్టుకునేది ఏమీ లేకుండా పోయింది. నాన్న ఆ మెడ తీసుకుని కొట్టు గుమ్మం పక్కన గోడకి మేకు కొట్టి బిగించాడు. అమ్మ దానికి గొడుగు తగిలించేది. వచ్చిన ప్రతివాడూ "ఏటిది?" అని అడగడం, నాన్న "మావోడి కాలేజీ సదువు" అని చెప్పడం.

రెండో నెమలికి ముందు నాన్న నన్ను తోటల్లోకి తీసుకెళ్ళాడు. బొమ్మ ముందు గీసి తర్వాత కర్ర వెతకొద్దన్నాడు. గాలికో, పక్క చెట్టు నీడకో తనంతట తాను వంగిన కొమ్మ ఉంటుంది, ఆ వంపు చూసుకుని మెడ గీయమన్నాడు. అప్పటినుంచి నేను చెట్లు చూస్తూ పొలం గట్ల మీద తిరగడం మొదలుపెట్టాను. రోలుగుంట దగ్గర ఒక ఊళ్ళో నన్ను స్థలాల బ్రోకరు అనుకుని మజ్జిగ ఇచ్చి ఎకరం ధర అడిగారు. మజ్జిగ తాగాక నిజం చెప్పాను.

పిల్లలూ, మీరు సెల్‌ఫోనులో బొమ్మ చూసి కర్ర కొంటున్నారు. నాకది నచ్చదు. ఎందుకు నచ్చదో పై కథలో ఉంది, మళ్ళీ చెప్పను.

హంస పంచాయితీ

ఒక గుడికి హంస వాహనం అడిగారు. హంసని నేను చూడలేదు. ఎదురింటివాళ్ళు బాతులు పెంచేవారు. నీళ్ళలోంచి గట్టెక్కేటప్పుడు బాతు రొమ్ము విరుచుకుని ఒళ్ళు దులుపుకుంటుంది చూడండి, ఆ దర్జా నాకు నచ్చింది. హంసకి అదే పెట్టాను. గుళ్ళో దించగానే కమిటీవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు గిల్లుకున్నారు. ఒకాయన పైకే అనేశాడు: "ఆచారి గారూ, బాతుని అట్టుకొచ్చేసేరేటండీ?"

నా పరువు గంగలో కలిసిందనుకున్నాను. అక్కడి పూజారి గారు పెద్దాయన, తక్కువ మాట్లాడతాడు. ఉత్తరీయం సర్దుకుని, "మీలో హంసని కళ్ళారా చూసినవారెవరో చెయ్యెత్తండి," అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. "అయితే ఇదే హంస. స్వామివారు చూసుంటారు, ఏదైనా ఉంటే ఆయన చెబుతారు," అని హారతి వెలిగించాడు. నా జీవితంలో అంతకంటే మంచి బాస్ దొరకలేదు.

కాకపోతే ఆ రోజు నుంచి నాకు కొంచెం నెత్తికెక్కింది. ఉన్న ప్రాణిని చూసి చేస్తే ఇక ఎవరూ కాదనలేరన్న ధీమా వచ్చేసింది. ఆ ధీమాతో చాలా ఏళ్ళు హాయిగా బతికాను.

తాత చేసిన గుర్రం

రావికమతం దాటాక లోపలికి ఒక ఊరుంది. పేరు రాస్తే వాళ్ళు నా మీద పడతారు. ఆ ఊరి అమ్మోరికి గుర్రం వాహనం చేసింది మా తాత. చిన్నప్పుడు పండక్కి వెళ్ళి చూసేవాణ్ణి. బొమ్మలు నేర్చుకున్నాక చూస్తే తల తిప్పుకోవలసి వచ్చింది. గుర్రానికి చెవులు పక్కలకి వాలి ఉంటాయి. మెడ కింద గంగడోలు వేలాడుతుంది. గిట్టలు రెండుగా చీలి ఉంటాయి! గుర్రం గిట్ట ఎక్కడైనా చీలుతుందా? పైన కళ్ళెం, జీను పెట్టేసి ఇది గుర్రమే అని దబాయించాడు మా తాత. ఊళ్ళో ఎవరూ ఆ మాట కాదనలేదు.

నేను కొట్టు మానేయడానికి కొంచెం ముందు, ఆ ఊరి నుంచి కబురొచ్చింది. గుర్రానికి చెదలు పట్టి వెనక కాళ్ళు పొడి రాలిపోతున్నాయి, కొత్తది కావాలి. నేనూ లావణ్యా వెళ్ళాం. లావణ్య మా తమ్ముడి కూతురు. డిగ్రీ చదివి, వచ్చిన ఉద్యోగం వద్దనుకుని నాతోపాటు ఉలి పట్టింది. మా ఇంట్లో ఆ విషయమై జరిగిన యుద్ధాలకి వేరే పుస్తకం రాయాలి.

కమిటీ ప్రెసిడెంటు గోవిందు కుర్రాడే. ఏదో కంపెనీలో షిఫ్టు డ్యూటీ. మర్యాదగా కుర్చీ వేసి, ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. తెల్లటి ఫైబర్ గుర్రం, తళతళలాడిపోతోంది.

"ఆచారి గారూ, ఏటీ అనుకోకండి. మోసీవోళ్ళు నేరు. కుర్రోళ్ళంతా డూటీలకి పోతన్నారు. ఇది నలుగురు ఎత్తీగలరు. మీది పండగనాటికి బాగా వొస్తే సరే. నేపోతే ఇది తెచ్చీస్తాం. మా ఊరు తెస్తే సుట్టుపక్కలోళ్ళూ ఇదే తెస్తారు, ముందే సెప్తన్నాను."

ఫైబరు చెడ్డదని నేను అనను. అతను చెప్పిన భుజాల బాధ నిజం. కానీ లావణ్య ముఖం చూశాను. ఈ ఊరితో మొదలై ఒక్కో గుడీ ఫైబరుకి మారిపోతే, నేనంటే టీ తాగుతూ కూర్చోగలను. ఆ పిల్ల ఏం చెయ్యాలి? ఏ పని నమ్ముకుని ఇంట్లో అందరితో పోట్లాడిందో ఆ పనే ఉండదు.

అక్కడే గుడి మెట్ల మీద సన్యాసమ్మ అనే పెద్దావిడ కూర్చుని ఉంది. ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. కొత్త వాహనం వస్తే ముందు ఖాళీగా ఎత్తి, చెరకు చేల గట్టు మీదుగా మోసి చూస్తారు. దించాక, సన్యాసమ్మగారి ఇంటివాళ్ళు నానబెట్టిన ఉలవలు పళ్ళెంలో తెచ్చి దాని మూతి ముందు పెడతారు. ఉలవలు పెడితేనే అది అమ్మోరి గుర్రం. పెట్టకపోతే వట్టి చెక్క. ఆవిడ ఫోనులో బొమ్మ చూసి, "పలాస్టీకుకి ఉలవలేటిరా? నాను పెట్టను," అనేసింది. ఆవిడ మా పక్షమే అనుకుని నేను సంతోషించాను.

బీచిలో గుర్రం

ఈసారి అసలైన గుర్రం చెయ్యాలనుకున్నాను. తాత చేసిన పొరపాటు దిద్దడానికి మనవడికి దొరికిన అవకాశం కదా! విశాఖపట్నం బీచికి వెళ్ళాను. అక్కడ పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే గుర్రాలుంటాయి. ఇసకలో కూర్చుని వాటి మెడ నరాలు, తొడ కండలు, ముక్కుపుటాలు అన్నీ గీసుకున్నాను. గుర్రంవాడు ముందు అనుమానించాడు, తర్వాత తన బొమ్మ కూడా గీయమన్నాడు. గీసి ఇచ్చాను.

ఒళ్ళు తేలిగ్గా ఉండే గుమ్మడి టేకు కర్రతో, తల పనస కర్రతో చేశాం. ముందు కాళ్ళు రెండూ గాల్లోకి ఎత్తి, జూలు ఎగరేస్తూ, నోరు తెరిచి ఉన్న గుర్రం. లావణ్య జూలు చెక్కింది, నాకంటే బాగా చెక్కింది. చోడవరంలో కొట్టు ముందు జనం ఆగి సెల్ఫీలు దిగారు. ట్రాలీ ఆటోలో కట్టి తీసుకెళ్ళాం.

పండక్కి నెల ముందు ఖాళీ మోత. గోవిందు, వాళ్ళ కుర్రాళ్ళు ఎత్తారు. గుడి వాకిట్లో బాగానే ఉంది. గట్టెక్కగానే తెలిసింది. ముందు కాళ్ళు గాల్లో ఉన్నాయి కాబట్టి బరువంతా వెనక్కి పోతోంది. తడి గట్టు మీద వెనకవాళ్ళ కాలు జారితే గుర్రం పడవలా ఊగుతోంది.

"ఒరే, ఎనకోళ్ళ భుజాలు ఊడిపోతన్నాయిరా! దించండి, దించీండి!"

దించారు. సన్యాసమ్మ ఉలవల పళ్ళెం నడుం మీద పెట్టుకుని వచ్చింది. చుట్టూ తిరిగింది. కాళ్ళ వంక చూసింది, పళ్ళ వంక చూసింది.

"బాగుంది బాబూ. సినేమాలో గుర్రంలాగ ఉంది. మా గుర్రం ఏదీ?"

"ఇదే అమ్మా కొత్త గుర్రం."

"ఇది మాది కాదు బాబూ. ఇది ఎగిరి పారిపోతాది. మా అమ్మోరు దీని మీద ఎలగ కూకుంటాది?"

పళ్ళెం నడుం మీదనుంచి దిగలేదు. ఆవిడ అలాగే ఇంటికి వెళ్ళిపోయింది. గోవిందు నా వైపు చూడలేక ఫోను వైపు చూశాడు. ట్రాలీ ఆటో తిరిగి చోడవరం బజారులోంచి వస్తుంటే, వెనక్కి తిరిగి నిలబడ్డ ఆ గుర్రం అందరికీ పళ్ళు చూపిస్తూ వచ్చింది. నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. లావణ్యకి మాత్రం ఏడుపే వచ్చింది.

మళ్ళీ మొదటికి

రెండు రోజులు నేను ఆ ఊరినంతటినీ తిట్టాను. కళ అంటే తెలియదన్నాను. బొమ్మలు చదువుకున్నవాడికి ఆపదలో దొరికే మొదటి మాట అదే, మీరూ అంటారు. మూడో రోజు లావణ్య నన్ను అడ్డుకుంది.

"పెదనాన్నా, బీచిలో గుర్రాన్ని అన్ని సార్లు గీసేవు కదా. మీ తాత చేసిన గుర్రాన్ని ఎప్పుడైనా గీసేవా?"

గీయలేదు. చూసి నవ్వుకున్నానే గాని పెన్సిలు పెట్టలేదు. ఇద్దరం వెళ్ళి, గుడి వెనక షెడ్డులో చెదలు తిన్న ఆ గుర్రం ముందు కూర్చున్నాం. గీస్తే తెలుస్తుంది ఎవరి చెయ్యి ఎక్కడ తడబడిందో, ఎక్కడ తడబడలేదో. మా తాత చెయ్యి ఎక్కడా తడబడలేదు. వెడల్పు రొమ్ము, నాలుగు కాళ్ళ మీదా సమంగా పడిన బరువు, కొంచెం కిందకి వంచిన మెడ. అది ఎద్దు. కాడి ఎత్తుకోబోతూ మెడ వంచిన ఎద్దు.

తాత అలా కావాలనే చేశాడని మా నాన్న అనేవాడు. గట్ల మీద మోతకి ఎద్దు నిలబడినట్టు ఉండాలని లెక్క వేశాడట. నేను నమ్మను. మా తాత దగ్గరగా గుర్రాన్ని చూసి ఉండడనే నా అనుమానం. కానీ పుట్టినప్పటినుంచి ఎడ్ల మెడకి కాడులు, వాటి వెనక బళ్ళు, నాగళ్ళు చేశాడు. ఎడ్లు ఎలా నిలబడతాయో ఆయన చేతులకి తెలుసు. తనకి తెలిసిన జంతువునే చేసి దానికి గుర్రం పేరు పెట్టాడు. నాకు బీచిలో పరిచయమైన గుర్రం తెలుసు. పరిచయానికీ ఎరగడానికీ చాలా దూరం ఉంది. ప్రకృతిని చూసి చెయ్యండని మీకు అందరూ చెబుతారు, నేనూ చెప్పాను. ఎంతకాలం చూడాలో కూడా చెప్పి ఉండవలసింది.

ఇప్పుడు ఎడ్లెక్కడున్నాయి? అడుగుతూ పోతే అదే ఊళ్ళో ఎర్నాయుడు అనే రైతు దగ్గర ఒక జత మిగిలింది. చెరకు తోలుతాడు. "ఎడ్ల బొమ్మలు గీయడానికి ఇంత దూరం వొచ్చేరేటి, టీవీలో రావేటి?" అని నవ్వి, బెల్లం వండే చోట మాకు నులక మంచం వేశాడు. వేడి బెల్లప్పాకం ఆకులో వేసి ఇచ్చాడు. డాక్టరు వద్దన్నది అక్కడే బోలెడంత తిన్నాను. ఎడ్లు నిలబడటం, నెమరు వేయడం, ఈగల్ని విదిలించడం, మెడ వంచడం గీశాం. అప్పుడొకటి చూశాను. బండి మీద బస్తాలు వేస్తున్న మనుషులు కూడా బరువు ఎత్తబోయే ముందు అచ్చం అలాగే మెడ వంచుతున్నారు. వాహనం మోసేవాళ్ళూ అంతే. నాకు ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది.

వాహనాన్ని విడి ముక్కలుగా చెక్కి బిగిస్తాం కాబట్టి, వెనక్కొచ్చిన గుర్రానికే తల, ముందు కాళ్ళు ఊడదీసి కొత్తవి చెక్కాం. నాలుగు కాళ్ళూ నేల మీదకి దిగాయి. మెడ వంగింది. చెవులు వాలాయి. ఒంటి లోపల మాను వీలైనంత తవ్వేసి డొల్ల చేశాం, అది గోవిందు భుజాల కోసం. అతను అన్న మాటలో న్యాయం ఉంది కాబట్టి దానికీ జవాబు చెప్పాలి కదా. నా భుజం పోయింది సరిగ్గా ఆ డొల్ల తవ్వుతున్నప్పుడే.

గిట్టల దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. నేను మూసిన గిట్టలే పెట్టాను. మెడ వంచాను, గంగడోలు పెట్టాను, ఇది మాత్రం నావల్ల కాదన్నాను. చదువుకున్న చదువుకి ఏదో ఒకటి మిగలాలి కదా!

"పై నుంచి కింద దాకా ఎద్దుని చేసీసి, కాళ్ళ దగ్గర మొహమాటమేటి పెదనాన్నా?" అంది.

భుజానికి కట్టు కట్టుకుని ఉన్నాను, ఉలి లావణ్య చేతిలో ఉంది. వాదన అక్కడితో అయిపోయింది. నాలుగు గిట్టలూ తనే చీల్చింది. ఒక్కో గిట్టకీ ఉలి పెట్టేముందు కాస్త ఆగి, ఒకే దెబ్బలో దించింది. నేను "ఊఁ" అన్నాను. పొట్టిదే అన్నాను.

ఉలవలు

పండగ రోజు పొద్దున్నే ట్రాలీ ఆటో ఆ ఊళ్ళోకి వెళ్ళింది. రంగు ఆరి ఒక రోజే అయింది. గుడి ముందు డప్పులు సిద్ధంగా ఉన్నాయి. ఫైబర్ గుర్రం కూడా ముందు రోజే వచ్చి, ప్లాస్టిక్ కవరులో ఒక పక్కన నిలబడి ఉంది. గోవిందు ఊరికే బెదిరించే మనిషి కాదు. లావణ్య ఆటో దిగి దాన్ని చూసి నా చొక్కా పట్టుకుంది.

ఖాళీ మోత మొదలైంది. గట్టు మీద మొదటి మలుపులో మా గుర్రం కొంచెం ఒరిగింది. వెనకాల ఉన్నవాడు అడుగు సర్దుకున్నాడు, అది మళ్ళీ నిలబడింది. చెరకు తోట దాటి, నీటి బోదె దాటి, చుట్టూ తిరిగి వచ్చింది. గోవిందు దించి, మెడ తుడుచుకుంటూ, "బరువుందండీ. కానీ కూకుంటంది భుజం మీద," అన్నాడు. అందరూ సన్యాసమ్మ కోసం చూస్తున్నారు.

ఆవిడ పళ్ళెం పట్టుకుని వచ్చింది. జనం దారి ఇచ్చారు. ఈసారి చుట్టూ తిరగలేదు, నేరుగా మూతి దగ్గరికి వచ్చి నిలబడింది. వంగి పళ్ళెం పెట్టబోయింది. గుర్రాన్ని గోడకి బాగా దగ్గరగా దించేశారు, అక్కడ పళ్ళేనికి చోటు చాల్లేదు. ఆవిడ పళ్ళెం ఒక చేతిలోకి మార్చుకుని, రెండో చేత్తో దాని మెడ మీద ఫెడీమని ఒకటి చరిచి, "జరగరా ఎదవా, పళ్ళెం ఎట్టనీ!" అంది.

గుడి వాకిలంతా పగలబడి నవ్వింది. గోవిందు గోడకి ఆనుకుని నవ్వాడు. లావణ్య నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. తను చేసిన పని సన్యాసమ్మకి అప్పుడు తెలిసింది. ఎర్రబడ్డ అరచేతి వంక, గుర్రం వంక చూసుకుని, పళ్ళెం దాని మూతి కింద పెట్టేసి, కొంగు సర్దుకుంది.

"ఏటి నవ్వుతన్నారు? ఎత్తండి!" అంది.

ఎత్తారు.